పసుపు పూసిన బొగ్గు

డ్రిల్లింగ్ క్యాంపు, ఆసిఫాబాద్ దాటాక అడవి పక్కన,
పాత ఆదిలాబాద్ జిల్లా (ఇప్పుడు ఏ జిల్లానో నాకే తెలియదు)
అక్టోబర్ 9

మంథని పక్క ఊరి వాస్తవ్యురాలు, రెండెకరాల మాగాణికి ఏకైక మహారాణి, మా చిన్నమ్మ బిడ్డ నర్మదకు,

దండోరా వేసి తెలియజేయునది ఏమనగా: నేటి పొద్దున ఏడు గంటల నుండి, అడుగున సొట్ట పడిన స్టీలు గ్లాసు సిద్దిరాములు అనబడే నాకు మాత్రమే చెందును. అందులో మరొకరు చాయ్ తాగితే దొంగతనం. తాగి కడగకపోతే రాజద్రోహం. తెల్ల ప్లాస్టిక్ కుర్చీ కాలు విరగడంలో నా పాత్ర ఏమీ లేదు, నేను కూర్చున్నాను, అది విరిగింది, అంతే. డ్రిల్లర్ పరశురాములు నా దువ్వెన వాడుతున్నాడా అనే విషయం మీద విచారణ సాగుచున్నది.

నవ్వకు చెల్లె. ఇక్కడ నా రాజ్యం ఇంతే.

ఫోన్‌లో చెప్పింది తెల్లారేసరికి మారుస్తాను కాబట్టి కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమన్నావు. సరే. ఇక్కడ ఎలాగూ ఫోన్లు గేటు దగ్గరే పెట్టి లోపలికి పోవాలి. గ్యాసు ఉండే చోట అవి ఉండొద్దట.

మీ పొలం గట్టున ఎర్రగుడ్డ కట్టిన మేకు ఎందుకు కొట్టిపోయారని అడిగావు. నాకు అర్థమైనంత చెప్తాను, అది కొంచెమే. నేల కింద బొగ్గుంది, అది మన తాతలకూ తెలుసు. ఆ బొగ్గు లోపల గ్యాసు ఉంటుందట. పేరు మీథేన్. బొగ్గును తవ్వకుండా దాని చోట దాన్ని ఉంచి, గ్యాసును మాత్రం పైపుతో లాక్కుంటారట. గ్యాసును బొగ్గులో అదిమిపెట్టి ఉంచేది నీళ్లు. నీళ్లు తోడేస్తే గ్యాసు బొగ్గును వదిలి పైకి వస్తుంది. కాకపోతే ఎంత ఉందో ముందే అంచనా కట్టాలి. ఆ అంచనానే ఇక్కడి పని. ఇక్కడి బొగ్గులో బాగా ఉంటే తర్వాతి బోరు మీ మేకు దగ్గర. లేదంటే మేకు పీకేసి పోతారు.

ఈ అంచనా కట్టేది అలేఖ్య మేడం, హైదరాబాద్ పిల్ల. ముప్పై కూడా ఉండవు. మొన్న అడిగాను.

"గ్యాసు ఉన్నదా మేడం?"

"తెల్వదన్నా. కొలిస్తేనే తెలుస్తది."

"కొలిస్తే తెలుస్తదా?"

"తెల్వకపోవచ్చు గూడ."

ఇంత చదువు చదివిన మనిషి ఇట్లా అంటే, పదో తరగతి తప్పి, ఇరవై ఏళ్లు మైకుసెట్టు నడిపి, ఇక్కడ హెల్పరుగా చేరినవాణ్ణి, నేను ఏం చెప్పను? ఒక్కటి మాత్రం పైలం. మీ బోరు నీళ్ల దగ్గర అగ్గిపుల్ల గీయకండి. భగ్గుమంటే నన్ను అనొద్దు.

ఇక మంచి కబురు. మన లింగమూర్తి బావ సంగతి మేడంకు చెప్పాను, తొమ్మిదేళ్లుగా మస్కట్‌లో ఉన్నాడని. ఆమె ఏమన్నదో ఉన్నదున్నట్టు రాస్తున్నా: "మంథని దిక్కు బోరు పడితే మీ బావను రమ్మను అన్నా. సైటు మీద నమ్మకమైన మనిషి కావాలె, కొలువు నేను ఇప్పిస్త."

సంతకం: సిద్దిరాములు

*

మంథని దగ్గర,
అక్టోబర్ 21

అన్నకు,

నీ దండోరా మా అత్తకు చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు. "బోరు నీళ్లు మండుతయా?" అని అడిగింది. "అన్న పరాచికం అత్తా" అన్నాను. ఆమె వినలేదు.

తెల్లారి నేను కలుపు దగ్గర ఉంటే మా బుచ్చవ్వత్త అగ్గిపెట్టె పట్టుకుని మోటరు దగ్గరికి పోయింది. ధార దగ్గర వంగి పుల్ల గీస్తుంది, తుంపర పడి ఆరిపోతుంది, ఇంకోటి గీస్తుంది. పక్క పొలం శంకరవ్వ చూసి "ఏం జేస్తున్నవ్ బుచ్చవ్వా?" అంటే, "మా బోరుల గ్యాసు పడ్డదట, సూస్తున్న" అన్నదట. పొద్దుగూకేసరికి ఊరంతా అదే మాట. ఒకాయన ఖాళీ సిలిండర్ తీసుకుని వచ్చాడు. నిజంగా వచ్చాడు అన్నా. మోసుకుని వచ్చాడు. అగ్గిపెట్టె మొత్తం అయిపోయింది, మా అత్త ఇప్పుడు నా మీద కోపంగా ఉంది, మండలేదని.

నీ నోటికి తాళం ఎక్కడ దొరుకుతుందో చెప్పు, కొని పంపుతాను.

ఇప్పుడు అసలు మాట. నీ ఉత్తరం చివర రాసింది పదిసార్లు చదివాను. శుక్రవారం మీ బావ ఫోన్ చేస్తే చదివి వినిపించాను. అయిపోగానే "మల్లొక్కసారి సదువు" అన్నాడు.

జనవరి పదిహేను వరకు ఆయన అక్కడి కంపెనీకి చెప్పాలి. ఇంకో రెండేళ్లు ఉంటానని సంతకం పెట్టాలి, లేదా ఇంటికి రావాలి. ఇంటికి వస్తే ఇక్కడ ఏదో ఒక పని ఉండాలి. రెండెకరాలతో కాదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. మా సృజన మూడో తరగతిలో ఉన్నప్పుడు పోయినవాడు. ఇప్పుడు దానికి తండ్రితో ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ నా చేతిలో పెట్టేస్తుంది.

కాబట్టి రెండే అడుగుతున్నా. ఒకటి, గ్యాసు ఉందా లేదా? రెండు, నీళ్లు తోడేస్తారు అన్నావు. ఎవరి నీళ్లు? నా బోరు ఎండితే ఎండనీ, మనిషి ఇంటికొస్తే చాలు అని ఒకసారి అనిపిస్తుంది. వెంటనే వరి గుర్తొస్తుంది. ఈ రెండింట్లో ఏది కోరుకోవాలో కూడా నాకు తెలియడం లేదు.

పరాచికాలు లేకుండా రాయి.

నర్మద

*

క్యాంపు,
నవంబర్ 17

చెల్లె నర్మదకు,

సిలిండర్ మోసుకొచ్చినాయన పేరు రాయలేదు. అది అన్యాయం. ఆయనకు నేను సన్మానం చేయాలి.

నీళ్ల సంగతి మేడంను అడిగాను. సిమెంటు సంచి చింపి దాని మీద గీసి చూపించింది. మీ బోరు రెండొందల అడుగులు. బొగ్గు ఎక్కడో పదమూడొందల అడుగుల కింద. మధ్యలో రాతి పొరలు. "మధ్యల రాయి గట్టిగ ఉంటే ఆ నీళ్లు వేరు, ఈ నీళ్లు వేరు. మీ చెల్లెకు ఫికర్ లేదు" అన్నది. "రాయి పగిలి ఉంటే మేడం?" అన్నాను. పెన్ను మూత పెట్టి, "అదిగూడ సూడాలె" అన్నది. ఆ సంచి ముక్క నా దగ్గరే పెట్టుకున్నా. రోజూ చూస్తున్నా. రోజూ ఒక్కోలా అర్థమవుతోంది.

ఇక గ్యాసు. పోయిన బుధవారం మొదటి బొగ్గు పైకొచ్చింది! మోచేతి పొడవు కడ్డీ, నల్లగా, ఇప్పుడే నూనె రాసిన జడలా మెరుస్తోంది. చెవి దగ్గర పెడితే చిటచిట చప్పుడు. అదే గ్యాసు పోయే చప్పుడట. అందుకే మేడం ముందే గట్టిగా చెప్పింది: పైకి రాగానే బురద తుడవాలి, డబ్బాలో పెట్టాలి, మూత బిగించాలి. పది నిమిషాలు దాటొద్దు. సరిగ్గా అదే పొద్దున ఆ డబ్బాను ముంచే వేడినీళ్ల తొట్టి హీటరు కాలిపోయింది. మేడం దాన్ని బాగుచేయడానికి అవతలి షెడ్డుకు పరుగెత్తుతూ పుస్తకం నా చేతిలో పెట్టింది. "బొగ్గు పైకొచ్చిన టైము, మూత పెట్టిన టైము. ఈ రెండే రాయాలె అన్నా. ఇంకేం రాయకు." నా గురించి ఎవరో చెప్పినట్టున్నారు.

ఆమె అటు పోయిందో లేదో పరశురాములు బొగ్గుకు అడ్డం నిలబడ్డాడు. హుస్నాబాద్ మనిషి, ముప్పై ఏళ్లుగా బోర్లు వేస్తున్నాడు.

"మొదటి బొగ్గు ఇది. పసుపు కుంకుమ పెట్టకుంట డబ్బల పెడితె నా చెయ్యి ఆడదు."

"మేడం తిడతది."

"మేడంకు బొగ్గు తెలుసు. నాకు భూమి తెలుసు. తప్పుకో."

కాగితం పొట్లం విప్పి నిండుగా పసుపు రాశాడు, పైన కుంకుమ బొట్లు. మన ఇళ్లల్లో కొత్త ఎడ్లకు కూడా అంత పెట్టరు. కర్పూరం ఇక్కడ ముట్టించొద్దన్నాను. గేటు అవతలికి నడిచిపోయి అక్కడ వెలిగించి, బొగ్గు ఉన్న దిక్కుకు తిరిగి హారతి చూపించి, మళ్లీ నడిచొచ్చాడు. కొబ్బరికాయ కొడితే జారి మిషన్ కిందికి దొర్లింది. రెండోది కుళ్లిపోయింది. "అపశకునం" అని పట్టుబట్టాడు. వంట చేసే రాజం మూడోది తెచ్చాడు. అది పగిలింది. అందరం తలా ఒక ముక్క తిన్నాం. తర్వాత బొగ్గును డబ్బాలో పెట్టి మూత బిగించాం.

పుస్తకంలో రాశాను: ఎనిమిది నిమిషాలు.

ఇప్పుడు ఆ డబ్బాకు సన్నటి గొట్టం, దాని చివర నీళ్లు నిండిన ఒక గాజు గొట్టం. గ్యాసు వచ్చినకొద్దీ నీళ్లు కిందికి దిగుతాయి. ఎంత దిగితే అంత గ్యాసు. నేను దాని ముందు కూర్చుని గీతలు చదువుతున్నా. ఇన్నాళ్లకు నన్ను ఒకరు చూసి రాయమన్నారు చెల్లె!

సంతకం: సిద్దిరాములు

*

మంథని దగ్గర,
డిసెంబర్ 2

అన్నకు,

నీ గాజు గొట్టంలో నీళ్లు దిగాయా?

నారు పోయాలి. మేకు చుట్టూ అర ఎకరం ఖాళీగా ఉంచాలా, నాటెయ్యాలా? మా అత్త నాటెయ్యమంటోంది. ఆయన ఖాళీగా ఉంచమంటున్నాడు. కంపెనీ వాళ్లకు అడ్డం కావొద్దట. మస్కట్‌లో కూర్చుని నా గట్టు గురించి ఆలోచిస్తున్నాడు. పోయిన శుక్రవారం "సైటు మీద యూనిఫాం ఇస్తరా?" అని అడిగాడు. ఈ మనిషి తొమ్మిదేళ్లలో నన్ను ఏదీ ఇట్లా ఆశగా అడగలేదు.

దిగాయా లేదా, ఒక్క ముక్క రాయి.

నర్మద

*

క్యాంపు,
డిసెంబర్ 18

నర్మదకు,

దిగాయి. కానీ దిగాల్సినంత దిగలేదు.

మేడం అనుకున్నది చాలా ఎక్కువ. ఈ లోతుకు, ఈ బొగ్గు రంగుకు ఇంత ఉండాలని ఆమె దగ్గర ఒక లెక్క ఉంది. వచ్చింది అందులో మూడో వంతు. మొదటి రోజు నీళ్లు కాస్త దిగాయి, రెండో రోజు అందులో సగమే దిగాయి, ఇప్పుడు రోజంతా చూసినా గీత మీదే నిలబడి నన్ను చూస్తున్నాయి. నేనూ వాటిని చూస్తున్నా. ఎవరు ముందు కదులుతారో తెలియదు.

మేడం పరేషాన్‌లో ఉంది. డబ్బా ఎక్కడైనా కారుతోందేమో అని సబ్బు నురగ రాసి చూసింది. రబ్బరు మార్చింది. తొట్టి వేడి చూసింది. నిన్న నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"సిద్దిరాములన్నా, డబ్బలకు రాకముందే పోయిన గ్యాసు ఒకటుంటది. దాన్ని ఎవ్వలు సూడలే. మూత పెట్టేదాక ఎంతసేపు పట్టిందో దాన్నిబట్టి లెక్క కడుతం."

"సూడనిదాన్ని ఎట్ల లెక్క కడుతరు మేడం?"

"టైము నిజమైతె కట్టొచ్చు." పుస్తకం తెరిచి అడిగింది: "ఎనిమిది నిమిషాలేనా?"

"ఎనిమిదే మేడం."

"సరే. అయితె తప్పు నాదే ఉంటది. మూత నేను సరిగ సూసుకోలే."

చెల్లె, ఆ పిల్ల అట్లా అని లేచిపోతే నాకు చాయ్ తాగబుద్ధి కాలేదు. సొట్ట గ్లాసును రాజంకు ఇచ్చేశాను.

నెలాఖరుకు రిపోర్టు పోతుంది. ఈ అంకె ఇట్లాగే పోతే మంథని దిక్కు రారు. నాకు ఒక అనుమానం ఉంది గానీ అది కాగితం మీద రాసేది కాదు. అర ఎకరం సంగతి నన్ను అడగకు. బావను జర ఆగమను.

సిద్దిరాములు

*

మంథని దగ్గర,
డిసెంబర్ 27

అన్నా,

కాగితం మీద రాసేది కాకపోతే కాగితం ఎందుకు కొన్నావు?

"జర ఆగమను" అంటే ఎంతసేపు? అక్కడి మేనేజరు బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకా పంతొమ్మిది రోజులు. గ్యాసు లేదంటే లేదని రాయి, ఆయన రెండేళ్ల సంతకం పెడతాడు, నేను ఏడ్చి ఊరుకుంటాను, అర ఎకరం నాటేస్తాను. ఉందంటే ఉందని రాయి. అటూ ఇటూ కాని మాట రాయడానికి నువ్వు ఉత్తరాలు రాయనక్కర్లేదు, నా మనసు రోజూ అదే రాస్తోంది.

నీ పేరు ముందు "సంతకం" అని రాయకపోవడం ఇదే మొదటిసారి. అది చూసే నాకు భయమైంది.

నర్మద

*

క్యాంపు,
జనవరి 6

చెల్లె నర్మదకు,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నా. కూర్చోవడానికి కుర్చీ లేదు. ఉన్న ఒక్క కుర్చీ గాజు గొట్టం ముందుది, అది ఇప్పుడు నాది కాదు.

పోయిన సోమవారం డబ్బా తెరిచారు. గీతలు కదలడం మానేశాయి కాబట్టి, బొగ్గును దంచి అందులో ఇంకా మిగిలిన గ్యాసు చూడాలట. మేడం బొగ్గును తెల్ల గుడ్డ మీద పెట్టి భూతద్దంతో చూసి కేక వేసింది. "అన్నా, ఇటు రా! బొగ్గు సందులల్ల పసుపుపచ్చగ ఏదో ఉన్నది. ఎర్రగ గూడ ఉన్నది." అది గంధకం కావొచ్చట, ఎరుపు ఇనుము కావొచ్చట. అట్లాంటిది ఉంటే గ్యాసు రాకుండా అదే బొగ్గు సందులను మూసేసి ఉండొచ్చట. ఆమె ముఖం వెలిగిపోయింది. తక్కువ అంకెకు కారణం దొరికిందని. చిన్న ప్లాస్టిక్ కవర్లో ఆ పసుపును గీకి, పేరు రాసి, హైదరాబాద్ ల్యాబుకు పంపడానికి అంటించింది.

పరశురాములు నా వైపు చూశాడు. నేను పరశురాములు వైపు చూశాను. ఆయన నెమ్మదిగా మిషన్ వెనక్కి పోయాడు.

నేను ఎన్నో చేశాను చెల్లె. ఎవరిదో బర్రె తప్పిపోతే మైకులో దాన్ని పెద్దమనిషిలా వర్ణించి ఊరంతా వెతికించినవాణ్ణి. కానీ పెళ్లిళ్లకు పెట్టే పసుపును భూగర్భ ఖనిజమని హైదరాబాద్ పంపిస్తుంటే చూస్తూ ఊరుకోవడం నాకు కూడా చేతకాలేదు. ఇంకోటి, నీ ఉత్తరం జేబులో ఉంది. అంకె తప్పని చెప్తే మళ్లీ లెక్క కడతారు, మంథని దిక్కు వస్తారు, బావ ఇంటికొస్తాడు. అట్లా అనుకునే నోరు తెరిచాను.

"మేడం, అది గంధకం కాదు. వాసన సూడుండ్రి."

చూసింది. కవరు పక్కన పెట్టింది.

"ఎంతసేపు పట్టింది?"

"తెల్వదు మేడం."

"ఎనిమిది ఎక్కడికెల్లి వచ్చింది?"

"మీరు పది దాటొద్దన్నరు. పదికి తక్కువ ఉంటే బాగుంటదని..."

తిడితే బాగుండేది. తిట్టలేదు. పరశురాములును పిలిచి, "ఆ రోజు ఏమేం జేసినవో అన్ని మల్ల చెయ్యి. నేను టైము సూస్త" అన్నది. బొగ్గు బదులు ఇనుప పైపు ముక్క పెట్టారు. పసుపు రాశాడు. గేటు అవతలికి నడిచాడు, హారతి చూపించాడు, నడిచొచ్చాడు. కొబ్బరికాయ కొట్టాడు. మొదటి దెబ్బకే రెండు చెక్కలైంది!

"గిట్ల కాదు మేడం, ఆ రోజు పగల్లే" అన్నాడు.

"అయితె ఆ రోజు ఇంకెంతసేపు?"

"రాజం వంటింట్లకు పోయొచ్చె దాక."

రాజంను అడిగితే, "నేను కాయ ఎతుకుతుంటె పప్పు పొంగింది, అది దించి వచ్చిన" అన్నాడు. పప్పు పొంగడానికి ఎంతసేపు పడుతుందో మేడం పుస్తకంలో రాసుకుంది. నేను చూశాను. మళ్లీ చేయించింది. ఒకసారి పంతొమ్మిది నిమిషాలు వచ్చింది, ఇంకోసారి ముప్పైనాలుగు. పరశురాములు గంట అయిందంటాడు. రాజం పావుగంట అంటాడు.

పంతొమ్మిది అంటే గ్యాసు అంతంతమాత్రం. గంట అంటే చాలా ఉంది. ఆ పొరలోంచి ముక్కలు కాకుండా వచ్చింది ఆ ఒక్క కడ్డీయే, మిగతాది పొడి పొడి అయిపోయింది. మేడం చివరికి నాతో అన్నది: "ఉన్నదని రాయలేను. లేదని గూడ రాయలేను. ఈ డబ్బను లెక్కలకెల్లి తీసెయ్యాలె, ఇక్కడ్నే ఇంకో బోరు వెయ్యాలె." మీ మేకు పీకరు, అక్కడ బోరూ వెయ్యరు. అది అట్లాగే ఉంటుంది.

నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. ఇప్పుడు మిషన్‌కు నీళ్లు మోస్తున్నా.

బావకు ఏం చెప్పాలో నాకు తెలియదు. సంతకం పెట్టమంటే బోరు ఫలించవచ్చు. వద్దంటే ఫలించకపోవచ్చు. నువ్వు ఒక్క మాట అడిగావు, నా దగ్గర రెండు మాటలున్నాయి, రెండూ సగం సగమే.

సిద్దిరాములు

*

మంథని దగ్గర,
జనవరి 24

అన్నకు,

ఆయన వచ్చేశాడు.

ముందే చెప్పకుండా, పెద్దపల్లిలో రైలు దిగి ఆటోలో వచ్చాడు. నేను నాట్లలో ఉన్నాను. గట్టు మీద ప్యాంటు వేసుకుని ఎవరో నిలబడ్డారు, మేకు దగ్గర, కంపెనీ మనిషేమో అనుకుని "ఎవలయ్యా?" అని కేకేశాను. దగ్గరికి పోయి చూస్తే ఈయన. జుట్టు సగం తెల్లబడింది, వీడియోలో కనబడనే లేదు.

నీ ఉత్తరం పద్నాలుగో తారీఖు అందింది. ఫోన్‌లో మొత్తం చదివాను, పసుపు దగ్గర ఆయన నవ్వాడు. నేను "ఏం చేద్దాం?" అన్నాను. అప్పుడు ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా: "గ్యాసు సంగతి వాళ్లకే తెల్వదు, మనకేం తెలుస్తది. గని ఆ మేడం మాటిచ్చింది గద. మన కాడ కాకపోతె ఇంకో బోరు కాడ. గట్ల మాటిచ్చినోళ్లు తొమ్మిదేండ్లల్ల ఒక్కలు దొరకలే నాకు." తెల్లారి మేనేజరు కాగితం మీద సంతకం పెట్టకుండా వాపసు ఇచ్చేశాడట.

కాబట్టి నీ రెండు సగం మాటలను నేను పట్టించుకోలేదు అన్నా. నీ మొదటి ఉత్తరంలోని ఆ ఒక్క మాట గట్టిగా ఉంది, అది పట్టుకున్నాం.

సృజన మొదటి రోజు దూరంగా తిరిగింది. ఇప్పుడు ఇద్దరూ కలిసి మంథని పోయి ఫోటో దిగొచ్చారు, పాస్‌పోర్ట్ సైజువి ఎనిమిది. మస్కట్‌లో ఇచ్చిన సర్టిఫికెట్‌ను అది ప్లాస్టిక్ కవర్లో పెట్టించింది. మేకు మీది గుడ్డ ఎండకు వెలిసిపోయిందని నిన్న ఆయన కొత్త ఎర్రగుడ్డ కట్టాడు, కంపెనీవాళ్లకు దూరం నుంచి కనబడాలని. అర ఎకరం ఖాళీగానే ఉంచాం.

సోమవారం పొద్దున మొదటి బస్సుకు మంచిర్యాల వచ్చి, అక్కడి నుంచి మీ క్యాంపుకు వస్తాడు. మేడంకు మా అత్త సకినాలు చేసింది, డబ్బా నిండా. ముందు వద్దన్నది, తర్వాత "కొలువిచ్చే తల్లికి ఊరికెనే పోతరా?" అని తనే పిండి కలిపింది. పోస్టులో వేస్తే ఆలస్యమని ఈ ఉత్తరం మంచిర్యాల బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నా, మేడంకు చెప్పి ఉంచు. ఏ టైముకు వస్తే ఆమె తీరికగా ఉంటుందో గేటు దగ్గర చెప్పి పెట్టు. ఆయనకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బిడియం, నువ్వు పక్కన ఉండు.

నర్మద

*

క్యాంపు,
జనవరి 26, ఆదివారం

నర్మదకు,

ఇది పైపుల లారీ డ్రైవర్ సాయిచంద్ చేతికిచ్చి పంపుతున్నా. మంథని మీదుగా పోతున్నాడు, ఈ పూటే నీకు అందిస్తానన్నాడు. ఫోన్‌లో అయితే మళ్లీ మాట మారుస్తానని కాగితం మీదే రాస్తున్నా. నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నువ్వొక్కదానివే చదువు. చదివాక బావను సోమవారం బస్సు ఎక్కనీయకు.

పొద్దున మేడం దగ్గరికి పోయాను. ఎట్లాగైనా నిజం చేద్దామని పోయాను. "మేడం, మంథని దిక్కు బోరు పడితె సైటు మీద మనిషి కావాలె గద?" అన్నాను. తలెత్తకుండా, "అక్కడ పడుతదో లేదో నాకే తెల్వదన్నా. ఎవ్వలకు ఏం చెప్పకు. మనుషులను పెట్టుకునుడు నా చేతుల ఉండది, హైదరాబాద్‌లనే చూసుకుంటరు" అన్నది. ఆ మాట తర్వాత బావ పేరు ఎత్తడానికి నాకు నోరు రాలేదు. సకినాల డబ్బా గుర్తొచ్చింది. ఎనిమిది ఫోటోలు గుర్తొచ్చాయి.

ఎనిమిది నిమిషాలు అబద్ధమని ఆమెకు చెప్పినప్పుడు నేను మంచోణ్ణి అయిపోయాననుకున్నా చెల్లె. అంకె సరైతే మంథని బోరు పడుతుంది, బోరు పడితే బావ కొలువు అని లెక్క కట్టాను. ఎవరి మాటను నిజం చేయడానికి నా పుస్తకం పోగొట్టుకున్నానో అప్పుడు కూడా నేను ఆలోచించలేదు. అబద్ధం రాసి రాసి నాకే అది యాది లేకుండా పోయింది, నిజంగా విన్నట్టే అనిపించింది.

మస్కట్ మేనేజరుకు ఇవాళే ఫోన్ చేయించు. గడువు దాటినా ఆ కాగితం మళ్లీ ఇస్తాడేమో అడగమను. ఇవ్వకపోతే బావ నన్ను కొట్టడానికి ఇక్కడికి రానీ, నేను గేటు దగ్గరే ఉంటాను. అర ఎకరం ఇంకా నాటొచ్చు, ఆలస్యమైనా నాటండి. సృజనకు ఏం చెప్తావో నాకు తెలియదు.

అక్టోబర్‌లో ఆ ఉత్తరం రాస్తూ గ్లాసు గురించి రాశాను, కుర్చీ గురించి రాశాను, చివరికి వచ్చేసరికి నీకు చెప్పడానికి మంచి మాట ఒక్కటీ లేదు. అంతకుముందు ఫోన్‌లో నువ్వు తొమ్మిదేళ్లు అని ఊరికే అన్నావు, ఏడవలేదు కూడా. నాకు అది గుర్తొచ్చింది. ఒక్క ముక్క కలిపితే ఏం పోతుందిలే అనుకున్నా.

కొలువు ఇప్పిస్తానని అలేఖ్య మేడం అనలేదు. బావ సంగతి నేను ఆమెకు చెప్పనే లేదు. ఆ మాట మొదటి నుంచి చివరి దాకా నేను అల్లింది.

సంతకం: సిద్దిరాములు